మేలు కోరి వ్రాసిన అబద్ధము

ధ్యానమునకు: నిర్గమకాండము 1వ అధ్యాయము, 1 సమూయేలు 12వ అధ్యాయము, 2 కొరింథీయులకు 8వ అధ్యాయము.



జూన్ మాసమున బడులు తెరచినప్పుడు మన గ్రామములలో పెద్దపంతులుగారి బల్లయొద్ద ఎంత సందడిగా నుండునో మీకు తెలియును. ఒకరు బిడ్డను చేర్పించుటకు వత్తురు. ఒకరు టి.సి. కొరకు వత్తురు. మరియొకరు స్టడీ సర్టిఫికెట్టు కొరకు నాలుగవసారి వచ్చి గుమ్మమునొద్ద నిలువబడి యుందురు. ఆ బల్లమీద అట్టలు చిరిగిన పెద్ద పుస్తకములు కొన్ని యుండును. ఒకటి అడ్మిషన్ రిజిస్టరు, ఒకటి హాజరుపట్టీ, ఒకటి మధ్యాహ్న భోజనముల లెక్క, ఒకటి మార్కుల పుస్తకము. ఈ దినములలో చాలచోట్ల హాజరు సెల్‌ఫోనులో కూడ ఎక్కించుచున్నారు. మనలో అనేకులము ఆ పుస్తకములను దూరమునుండి చూచినవారమే గాని, వాటిలో ఏమి వ్రాయబడినదో చదివినవారము కాము. అయినను మన బిడ్డల బ్రదుకులో ఎంతో భాగము వాటిమీద ఆధారపడి యున్నది.

ఈ మాసము మనము ఒక ప్రశ్నను ఆలోచింతము. దైవభయము గలవాడు, బిడ్డలమీద ప్రేమ గలవాడు అయిన ఒక హెడ్మాస్టరు, తన జేబులో ఒక్క పైసయైనను వేసికొనక, కేవలము బిడ్డల మేలు కోరి ఆ పుస్తకములలో ఒక అబద్ధము వ్రాయవచ్చునా?

దొంగిలించు హెడ్మాస్టరును గూర్చి నేను వ్రాయబోవుట లేదు. బియ్యపు బస్తాను రాత్రివేళ అమ్ముకొనువాడు తాను తప్పు చేయుచున్నానని ఎరుగును. అట్టివానికి ధర్మశాస్త్రమేమి, పోలీసు స్టేషనేమి, రెండును ఉన్నవి. నేను వ్రాయునది మంచివానిని గూర్చి. మన సంఘములలోని పెద్దలు, స్త్రీల సమాజములోని సహోదరీలు అనేకులు సర్కారు బడులలోను జిల్లా పరిషత్తు బడులలోను ప్రధానోపాధ్యాయులుగా నున్నారు. వారికి వచ్చు శోధన దొంగతనపు రూపముతో రాదు, దయ అను రూపముతో వచ్చును.

మూడు దయగల అబద్ధములు

మొదటిది భోజనముల లెక్క. బడిలో వండిన అన్నము పెట్టవలెనని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఉత్తరువిచ్చెను. మన తెలుగు దేశమున 2003లో ఆ యేర్పాటు ఊరూరను ప్రారంభమాయెను. పేద తల్లులకు అది ఎంత ఆదరణయో చెప్పనక్కరలేదు. ఇప్పుడు ఒక బడిని తలంచుకొందము. పట్టీలో 92 మంది పిల్లలున్నారు. ఆ దినము వచ్చినవారు 74 మంది. వంట చేయు సహోదరీలకు బిల్లు రెండు నెలలనుండి రాలేదు. వారు కొట్టులో అప్పు పెట్టి పప్పు తెచ్చుచున్నారు. హెడ్మాస్టరు కలము చేత పట్టుకొని, “74 అని వ్రాసినయెడల వీరికి గిట్టదు, 92 అని వ్రాసెదను, ఎవరి సొమ్ము పోయినది?” అని తలంచును. ఆయన తినలేదు. ఎవరికిని పెట్టకుండ మానలేదు. అప్పులలోనున్న స్త్రీలను ఆదుకొన్నాడు.

రెండవది పరీక్ష. పదవ తరగతిలో కూర్చున్న కూలివాని కుమారునికి లెక్కలు రావు. తప్పినయెడల వాడు బడి మాని మేస్త్రి వెంబడి పోవును. బాలికయైతే ఇంటిలోనే నిలిచిపోవును. హెడ్మాస్టరు ఇది ఎరిగినవాడై, చీటీలు లోపలికి వచ్చుచుండగా కిటికీవైపు చూడకుండ తల త్రిప్పుకొనును. పరీక్షలలో అక్రమములను శిక్షించుటకు 1997లోనే మన రాష్ట్రమున చట్టము చేయబడినదని ఆయనకు తెలియును. అయినను, “ఈ ఒక్క గడప దాటించినయెడల వీడు బ్రదుకును” అని మనస్సాక్షితో చెప్పుకొనును.

మూడవది వయస్సు. ఇక్కడ నా సంగతి నేను ఒప్పుకొనవలెను. నేను పుట్టినది క్రిస్మసు పండుగకు పది దినములముందు అని మా తల్లి చెప్పుచుండెడిది. నా సర్టిఫికెట్టులో నున్నది జూలై 1వ తారీకు. నన్ను బడిలో వేసిన పంతులుగారు నా తండ్రిని తారీకు అడిగిరి. ఆయన తడబడుచుండగా, పంతులుగారు నవ్వి తానే ఒకటి వేసిరి. మా తరగతిలో జూన్, జూలై మొదటి తారీకున పుట్టినవారమే సగము మందిమి ఉంటిమి. దానివలన ఎవరికి నష్టము? చదువురాని తండ్రిని తిప్పి పంపక బిడ్డను లోపలికి తీసికొనిరి గదా. నేను చాలకాలము దానిని దయగానే తలంచితిని.

ఈ మూడింటిలో ఏ హెడ్మాస్టరును దుర్మార్గుడు కాడు. కాబట్టియే ప్రశ్న కఠినమైనది.

మంత్రసానుల సంగతి

ఇక్కడ బైబిలు చదువరి ఒకడు లేచి నన్ను అడుగవచ్చును. “అయ్యా, నిర్గమకాండము మొదటి అధ్యాయములో షిఫ్రా, పూయా అను మంత్రసానులు ఫరోయెదుట ఉన్న సంగతి చెప్పలేదు గదా. హెబ్రీ స్త్రీలు తాము వెళ్లకముందే ప్రసవించుచున్నారని చెప్పి బిడ్డలను బ్రదికించిరి. దేవుడు వారికి మేలు చేసెనని వ్రాయబడియున్నది. మా హెడ్మాస్టరు చేసినదియు అంతే గదా?”

ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నేను దీనిని అనేక దినములు మనస్సులో ఉంచుకొని ఆలోచించితిని. ఆ స్త్రీల మాటకును మన రిజిస్టరులోని మాటకును మధ్య రెండు భేదములు నాకు కనబడినవి.

వారు ఎవరికి సత్యమును మరుగుచేసిరి? బిడ్డలను చంపగోరిన రాజునకు. ఆ మాటవలన అపాయము ఎవరిమీదికి వచ్చెను? వారి సొంత తలలమీదికి. రాజు కనిపెట్టినయెడల చచ్చువారు వారే, బ్రదుకువారు బిడ్డలు.

ఇప్పుడు మన రిజిస్టరును చూడుడి. అందలి అబద్ధము ఎవరిని మోసగించును? ఆ బిడ్డలకు అన్నము, పంతుళ్లు, పుస్తకములు, రక్షణ సమకూర్చుటకు ఏర్పడినవారినే. వారు చక్కగా పనిచేయుదురా లేదా అనునది వేరు సంగతి. కాని వారు బిడ్డను చూచు కన్ను ఆ పుస్తకమే. ఆ కన్నులో దుమ్ము వేసినయెడల అపాయము ఎవరికి? హెడ్మాస్టరునకు కాదు. లెక్క చక్కగా నున్నందున ఆయనకు మెప్పే వచ్చును. అపాయము బిడ్డకు వచ్చును. మంత్రసానులు తమ ప్రాణము ఒడ్డి బిడ్డను కాచిరి. మనము బిడ్డను ఒడ్డి మన పేరు కాచుకొనుచున్నాము; దానికి దయ అని పేరు పెట్టుచున్నాము.

ఈ మాట కఠినముగా నున్నదని తలంచువారు పైని చెప్పిన మూడు సంగతులను మరల నాతో కూడ చూడవలెనని కోరుచున్నాను.

కనబడకుండ పోయిన పదునెనిమిదిమంది

92 అని వ్రాసిన బడిలో ఆ దినము రాని 18 మంది ఎక్కడ నున్నారు? గుంటూరు ప్రాంతమునకు మిరపకాయలు కోయుటకు తలిదండ్రులతో కూడ వలస పోయినవారు కొందరు. ప్రత్తి తీయుటకు పోయినవారు కొందరు. చంటిబిడ్డను చూచుకొనుటకు ఇంట నిలిచిన అక్క ఒకతె. అట్టి పిల్లలకొరకు వలస కాలమున సీజనల్ హాస్టళ్లు తెరచు పద్ధతి ఉన్నది. తలిదండ్రులు పోయినను బిడ్డ ఊరిలోనే ఉండి చదువుకొనును. అయితే అది తెరువవలెనన్న ముందుగా పిల్లలు బడికి వచ్చుట లేదని ఎవరైనను వ్రాయవలెను గదా? హాజరుపట్టీలో అందరును ఉన్నారు. అందరును భోజనము చేయుచున్నారు. కనుక వెదకవలసిన బిడ్డ ఒకడును లేడు. వంట సహోదరీల అప్పు తీర్చుటకు వేసిన గీతలు మిరపచేనిలోనున్న బిడ్డను కాగితముమీదనుండి తుడిచివేసినవి.

కాపరి నూరు గొఱ్ఱెలలో ఒకటి తప్పినదని ఎట్లు తెలిసికొనెను? లెక్కించెను గనుక. సాయంకాలమున దొడ్డిలోనున్నవి తొంబదితొమ్మిది అని నిజము ఒప్పుకొనెను గనుక. నూరును ఉన్నవని వ్రాసికొని పండుకొన్న కాపరి ఏ కొండకును వెదకబోడు.

ఒక నగరపు బడులలో జరిగినది

పరీక్షల విషయములో అమెరికా దేశమున జార్జియా రాష్ట్రములోని అట్లాంటా నగరమున జరిగినది మనము తెలిసికొనదగినది. ఆ దేశములో 2002లో వచ్చిన ఒక చట్టమువలన పిల్లల పరీక్షల మార్కులను బట్టి బడులను తూచు పద్ధతి బలపడెను. అట్లాంటాలో మార్కులు పెరిగిన బడులకు మెప్పును బహుమానపు సొమ్మును వచ్చెను. పెరుగని బడుల ప్రధానోపాధ్యాయులకు పని పోవునను భయము పట్టుకొనెను. పేదలైన నల్లజాతి పిల్లలు ఎక్కువగా చదువు ఆ బడులలో మార్కులు అద్భుతముగా పెరిగినవని అందరును సంతోషించిరి.

2009వ సంవత్సరపు పరీక్షల జవాబు కాగితములను పరిశీలించినప్పుడు, తప్పు జవాబు చెరిపి ఒప్పు జవాబు వేసిన గురుతులు నమ్మశక్యము కానంతగా కనబడెను. రాష్ట్రపు విచారణాధికారులు 56 బడులు పరిశోధింపగా 44 బడులలో మోసము జరిగినదనియు, అందులో 178 మంది ఉపాధ్యాయులును ప్రధానోపాధ్యాయులును పాలుపొందిరనియు 2011లో నివేదిక ఇచ్చిరి. ప్రధానోపాధ్యాయులే 38 మంది. 2015లో 11 మందిని న్యాయస్థానము నేరస్థులుగా తీర్చెను.

వారందరును లోభులే యని తలంచకుడి. అధికారుల భయమువలన చేసినవారు కొందరు. బడి మూతపడునేమో యని, పిల్లలు చిన్నబుచ్చుకొందురేమో యని చేసినవారు కొందరు. అయితే ఫలమేమి? చదువు రాని బిడ్డకు వచ్చినదని కాగితము చెప్పెను. చదువు రానివారికి వేరుగా చెప్పింపవలసిన పాఠము ఆ బిడ్డకు అందలేదు. రోగికి జ్వరము లేదని వ్రాసిన వైద్యుడు జ్వరమును మాన్పలేదు, మందునే మాన్పెను.

మన పదవ తరగతి కుమారునికిని అదే జరుగును. చీటీతో గడప దాటినవాడు ఇంటరులో మొదటి సంవత్సరమే కూలబడును. అప్పుడు వానిప్రక్కను ఎవడును ఉండడు. అంతేకాదు. ఆ బడిలో నూటికి నూరుగురును ప్యాసైనారు గనుక, లెక్కల పంతులు పోస్టు రెండేండ్లనుండి ఖాళీగా నున్న సంగతి ఎవరికిని బాధగా తోచదు. పంతులు లేకయే నూరుగురు ప్యాసైన చోట పంతులు ఎందుకు?

జూలై మొదటి తారీకు

ఇక వయస్సు సంగతి. నా తారీకు మారినందున నాకేమియు నష్టము రాలేదు. కాని ఆ అలవాటు ఎక్కడికి పోవునో చూడుడి. ఒక తండ్రి వచ్చి, “పంతులుగారూ, మా పిల్లకు మంచి సంబంధము వచ్చినది. పదునారేండ్లని బడిలో ఉన్నది. రెండేండ్లు కలిపి ఒక కాగితము వ్రాసి యిండు. మీ కాళ్లు పట్టుకొందును” అని అడుగును. ఆయన మంచివాడే. అప్పు చేసి కట్నము సిద్ధపరచుకొన్నాడు.

2006లో చేయబడిన బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము ఆడపిల్లకు 18, మగపిల్లవానికి 21 సంవత్సరములు నిండవలెను. 2015నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము ఒక బిడ్డ వయస్సు తేల్చవలసి వచ్చినప్పుడు మొట్టమొదట చూచు కాగితములలో బడి ఇచ్చిన పుట్టినతారీకు పత్రము ఒకటి. అనగా, ఆ పిల్ల పక్షమున మాటాడుటకు తండ్రి లేడు, తల్లి నోరెత్తలేదు. ఒక్క రిజిస్టరే సాక్షిగా నిలిచియున్నది. పాస్టరుగారు కూడ పెండ్లి ప్రకటన చేయకముందు ఆ కాగితమునే అడుగుదురు. హెడ్మాస్టరు ఆ రెండేండ్లు కలిపినయెడల, ఆ పిల్లకు మిగిలిన ఏకైక సాక్షి తన నోటనే అబద్ధమాడినట్లగును. మన మందిరములోని పెండ్లియే ఆ అబద్ధముమీద జరుగును.

నా పంతులుగారి నవ్వును ఈ హెడ్మాస్టరు జాలియు ఒకటి కాకపోవచ్చును. అయినను త్రోవ ఒకటే. పుస్తకము మనదే గనుక మనకు తోచినట్లు వ్రాయవచ్చునను తలంపే ఆ త్రోవ.

పుస్తకము ఎవరిది?

పుస్తకము హెడ్మాస్టరుది కాదు. ఇదియే నేను చెప్పదలచిన మాట. అది బిడ్డది. హెడ్మాస్టరు దానికి గృహనిర్వాహకుడు మాత్రమే.

లూకా సువార్త 16వ అధ్యాయములోని గృహనిర్వాహకుడు అప్పుపత్రములలో అంకెలు తగ్గించి వ్రాయించెను. అప్పులవారు ఆయనను ఎంత దయగలవాడనుకొనిరో! కాని ఆ నూనెయు గోధుమలును ఆయనవి కావు. ఇతరుల సొత్తుతో చూపిన దయ చాల సులభమైనది. నెహెమ్యాను చూడుడి. ఆయన అధికారిగా నుండిన 12 సంవత్సరములు, జనులమీద భారము ఎక్కువగా నున్నదని, తనకు న్యాయముగా రావలసిన భోజనపు సొమ్మును తీసికొనలేదు. అది తన మూటలోనుండి తీసి చూపిన దయ. వంట సహోదరీలకు సాయము చేయగోరు హెడ్మాస్టరు తన జీతములోనుండి బదులివ్వవచ్చును. సంఘమును అడుగవచ్చును. మండల అధికారికి మరల మరల వ్రాయవచ్చును. కాని రాని బిడ్డ పేరును ఖర్చుపెట్టుటకు ఆయనకు అధికారము లేదు.

సంతలో ఒకే వర్తకుడు కొనుటకు ఒక కుంచము, అమ్ముటకు ఒక కుంచము పెట్టుకొనినయెడల మనము ఏమందుము? ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో సంచిలో రెండు రకముల తూనికరాళ్లు ఉంచుకొనుటను దేవుడు అసహ్యించుకొనుచున్నాడు. బడి రిజిస్టరు కూడ ఒక కుంచమే. దానితో కొలువబడునది ధాన్యము కాదు, బిడ్డ.

మన దేశపు చట్టమును ఈ మాటనే వేరు విధముగా చెప్పుచున్నది. 1964నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమములు ప్రతి ఉద్యోగియు సంపూర్ణమైన నిజాయితీ గలవాడై యుండవలెనని కోరుచున్నవి. 2009నాటి విద్యాహక్కు చట్టము బిడ్డను కొట్టకూడదనియు, మనస్సును నొప్పించి వేధింపకూడదనియు, చేర్చుకొనుటకు విరాళము అడుగకూడదనియు, పంతుళ్లు ట్యూషన్లు చెప్పి సొమ్ము తీసికొనకూడదనియు, టి.సి. అడిగినవారికి వెంటనే ఇవ్వవలెననియు విధించుచున్నది. అయితే ఈ నియమములన్నియు పాటింపబడినవో లేదో ఎట్లు తెలియును? ఆ పుస్తకములను బట్టియే. కనుక పుస్తకము అబద్ధమైనయెడల తక్కిన నియమములన్నియు చీకటిలో పడును.

సంతకమునకు ముందు నాలుక

2013 జూలై 16న బీహారు రాష్ట్రము సారణ్ జిల్లాలోని గండామన్ గ్రామపు బడిలో మధ్యాహ్న భోజనము చేసి 23 మంది పిల్లలు చనిపోయిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసియుండెను. మన ప్రత్తి రైతులకు ఆ మందు పేరు చెప్పనక్కరలేదు. ఆ బడి ప్రధానోపాధ్యాయురాలికి 2016లో న్యాయస్థానము శిక్ష విధించెను. ఆ తల్లుల దుఃఖమును గూర్చి వ్రాయుటకు నాకు మాటలు లేవు.

బిడ్డలకు వడ్డింపకముందు పెద్దవారు, వారిలో ఒక పంతులైనను, రుచి చూడవలెనని నియమమున్నది. రుచి చూచితినని సంతకము చేయుటకు చాల బడులలో ఒక పుస్తకమును ఉన్నది. ఆ సంతకము ఎన్నిచోట్ల రుచి చూడకయే, వారమునకు ఒకసారి కూర్చుండి ఆరు దినములకు కలిపి చేయబడుచున్నదో దేవునికే తెలియును. అది ఎవరినో వంచింపవలెనని చేయుట కాదు, పని ఒత్తిడివలన చేయునది. ఒక చిన్న అబద్ధము, ఎవరికిని కీడు కోరనిది. కాని ఆ సంతకముయొక్క అర్థమేమి? “నా నాలుక మొదట, నీ నాలుక తరువాత, విషమున్నయెడల నాకు తెలియును” అని బిడ్డకు ఇచ్చిన మాట అది. రుచి చూడని సంతకము ఆ క్రమమును తలక్రిందులు చేయును. మంత్రసానులు తమ్మును ముందు నిలుపుకొనిరి. ఇక్కడ బిడ్డ ముందు నిలుపబడెను.

వెలుగులో చేయు పని

అట్లయిన హెడ్మాస్టరు ఏమి చేయవలెను? మొదట, నిజమైన అంకె వ్రాసి, దానిప్రక్కనే నిజమైన అవసరము వ్రాయవలెను. “హాజరు 74. పదునెనిమిదిమంది వలస పోయిరి. బిల్లు రెండు నెలలనుండి రాలేదు.” ఈ మూడు మాటలు వ్రాయుటకు ధైర్యము కావలెను గాని గొప్ప చదువు అక్కరలేదు.

రెండవది, ఒంటరిగా లెక్క పెట్టకూడదు. పౌలు మహాశయుడు యెరూషలేములోని పేదలకొరకు చందా పోగుచేసినప్పుడు దానిని తానొక్కడే మోసికొని పోలేదు. సంఘములు ఏర్పరచిన సహోదరులను తోడు తీసికొనెను. దేవునియెదుట మాత్రమే గాక మనుష్యులయెదుటను నింద లేకుండ ఉండగోరెను. అపొస్తలుడే అట్లు చేయగా, తనను అనుమానించుచున్నారని హెడ్మాస్టరు కోపపడనేల? విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే ఉండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. వారిచేత తెల్ల కాగితముమీద వ్రేలిముద్రలు వేయించుకొనక, లెక్క బిగ్గరగా చదివి వినిపింపవలెను.

మూడవది, పదవి విడుచు దినమును తలంచుకొనవలెను. సమూయేలు వృద్ధుడైనప్పుడు జనులయెదుట నిలువబడి, నేను ఎవరి ఎద్దును తీసికొంటిని, ఎవరిని బాధపెట్టితిని, ఎవరియొద్ద లంచము పుచ్చుకొంటిని, చెప్పుడని అడిగెను. ఆయన సొంత కుమారులు లంచములు తిన్నవారని ఆ జనులకు తెలియును. తన కుమారులును అక్కడనే యున్నారని ఆయన దాచక చెప్పెను. రిటైరగు దినమున శాలువా కప్పించుకొనుటకు ముందు అట్లు అడుగగలిగిన హెడ్మాస్టరు ధన్యుడు.

మన పాలు

ఇంతవరకు హెడ్మాస్టరును నిలువబెట్టి మాటాడితిమి. ఇప్పుడు మనమే నిలువబడుదము.

వయస్సు మార్చుమని కాళ్లు పట్టుకొన్నది ఎవరు? మనము. పరీక్ష దినమున గోడ ఎక్కి చీటీలు విసరినది ఎవరు? మన అన్నదమ్ములు. “ఆయన మనవాడు, మన సంఘపువాడు, మన పిల్లల సంగతి చూడకపోవునా?” అని ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మందిరపు వాకిట అన్నది ఎవరు? బిడ్డ రాకపోయినను హాజరు వేసి ప్రభుత్వపు సొమ్ము పోకుండ చూడుమని అడిగినది ఎవరు? మనము అడిగి, ఆయన ఇచ్చినప్పుడు మంచివాడని పొగడి, తరువాత పట్టుబడినప్పుడు ఆయన యింటి వైపు చూడక పోవుచున్నాము.

ఇంకొక సంగతి. నిజము వ్రాసిన హెడ్మాస్టరునకు కష్టము తప్పదు. ఆయన బడిలో నూటికి 61 మందియే ప్యాసైనారని ఊరివారు హేళన చేయుదురు. ప్రక్క ఊరిలో నూరుగురును ప్యాసైరని పత్రికలో పడును. పైనుండి మెమో వచ్చును. తన పిల్లకు కాగితము వ్రాయలేదని ఒక సంఘపు పెద్దయే ఆయనతో మాటలు మానివేయును. ఆ దినమున ఆయన పక్షమున నిలుచువారెవరు? సత్యవంతులు కావలెనని ప్రార్థించి, సత్యము చెప్పినవానిని ఒంటరిగా విడిచినయెడల మన ప్రార్థనకు అర్థమేమి?

మన పల్లెలలో ఒక కాలమున ఉపదేశిగారే పంతులుగారు. పగలు అక్షరములు దిద్దించినవాడే సాయంకాలము వాక్యము చెప్పెడివాడు. ఊరిలోని తక్కిన బడులు మన తాతలను గుమ్మము త్రొక్కనియ్యని దినములలో, వారి పేర్లు మొట్టమొదట ఒక పుస్తకములో గౌరవముగా వ్రాయబడినది ఆ పాకబడిలోనే. పేరు వ్రాయబడుటకు విలువ ఏమో మనకంటె బాగుగా ఎరిగినవారెవరు? లేని బిడ్డను ఉన్నాడని వ్రాయుటయు, ఉన్న బిడ్డను లెక్కలోనికి తీసికొనకపోవుటయు ఒకే పాపముయొక్క రెండు ముఖములు.

కాబట్టి ఈ మాసములో మనము రెండు పనులు చేయుదము. బడి కమిటీ కూటమునకు పిలుపు వచ్చినప్పుడు పోయి, లెక్క చదివి వినిపింపుమని మర్యాదగా అడుగుదము. పెద్దపంతులుగారి బల్లయొద్దకు పోవునప్పుడు ఆయన వ్రాయకూడనిది ఏదియు అడుగకుందము. ఆయన కాదన్నయెడల కోపపడక, “అయ్యా, మీరు చేసినది మంచిదే” అని చెప్పి తిరిగి వచ్చెదము.

ఆ రాత్రి ఆయన పుస్తకము మూసి నెమ్మదిగా నిద్రించును. మిరపచేనిలోనున్న బిడ్డ రాలేదని ఆ పుస్తకములో వ్రాసియుండును. అట్లు వ్రాసియుండుటవలననే, ఉదయమున ఎవరో ఒకరు వానిని వెదకుటకు బయలుదేరవచ్చును.